రాజమండ్రి నుంచి ఇద్దరే కారులో: కాలువగట్ల వెంట తీరిగ్గా ఒక రోజు గడపడం ఎలా?

ఉదయం ఏడింటికి బయల్దేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరేలా, రాజమండ్రి చుట్టుపక్కల చిన్న ఊళ్ళన్నీ కారులో చుట్టి రావడం ఎలాగో చెబుతాను. దారి ఇది: ధవళేశ్వరం బ్యారేజీ, బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకులు (కాలువ నీళ్ళను ఆపి వదిలే తలుపులు), ర్యాలి, రావులపాలెం. అక్కడ గోదావరి పాయ గౌతమి దాటి జొన్నాడ, ఆలమూరు, మండపేట, తాపేశ్వరం, ద్వారపూడి, చివరికి కడియం. మొత్తం వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎక్కడా ఆగకుండా నడిపితే మూడు గంటల దారి. దాన్ని పన్నెండు గంటలు చేయడమే మన పని.

హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో వచ్చేవాళ్ళు ముందు రోజు రాత్రికే రాజమండ్రి చేరి పడుకోండి. అంత దూరం నడిపి వచ్చి అదే రోజు ఇది కూడా తిరుగుదాం అనుకుంటే, ఆత్రేయపురం వచ్చేసరికే ఒకరు నిద్రలో ఉంటారు, ఇంకొకరు చిరాకులో ఉంటారు.

ఏ నెలలో, ఏ వారం

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి రోజులు. కాలువల్లో నిండా నీళ్ళుంటాయి, ఎండ చురుక్కుమనదు. ఒక్క పొగమంచుతోనే జాగ్రత్త. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే బ్యారేజీ మీద ముందున్న బండి కనబడనంత మంచు పడే రోజులుంటాయి. అలాంటప్పుడు టిఫిను దగ్గరే ఇంకో కాఫీ తాగి, మంచు విడిచాక బయల్దేరండి.

ఏప్రిల్ నెలాఖరు, మే నెల వద్దంటాను. ఎండ ఒక్కటే కారణం కాదు. డెల్టా కాలువలకు ఏటా వేసవిలో నీళ్ళు కట్టేసి మరమ్మతులు చేస్తారు. నీళ్ళు లేని కాలువ పక్కన పాతిక కిలోమీటర్లు నడపడంలో సుఖం లేదు. ముంజలు తినడానికే వెళ్తున్నాం అంటే మాత్రం మీ ఇష్టం.

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ఎర్రనీళ్ళతో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు. కానీ ముందు రోజు వార్తల్లో ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోవాలి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల (నది మధ్య దిబ్బల) వైపు ప్రయాణం మానుకోండి. లోతట్టు కాజ్‌వేలు మునుగుతాయి, బ్యారేజీ మీద బళ్ళను ఆపే అవకాశం కూడా ఉంటుంది.

వారంలో అన్నిటికన్నా చెడ్డ రోజు శనివారం. ఆత్రేయపురం దగ్గర వాడపల్లిలో వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. ఏడు శనివారాలు వచ్చి, వచ్చినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం. ఆ రోజు ఈ దారులన్నీ బస్సులు, ఆటోలు, నడిచి వెళ్ళే జనంతో నిండిపోతాయి. మీ మొక్కు అదే అయితే శనివారమే వెళ్ళండి, కానీ దాన్ని తీరికైన రోజు అనుకోకండి. సంక్రాంతి వారం కూడా అంతే. ఊళ్ళకు వచ్చిన కార్లన్నీ ఈ సన్నని రోడ్ల మీదే ఉంటాయి. మంగళవారమో బుధవారమో ఇద్దరికీ సెలవు దొరికితే దానంత సుఖం లేదు.

ముందు రోజు ఇద్దరూ తేల్చుకోవలసిన సంగతులు

కాగితం మీద పది చోట్లు రాసుకుంటే ఐదు కొట్టేయండి. ఈ ప్రయాణాలు చెడేది ఊళ్ళు తక్కువై కాదు, ఎక్కువై. ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు అన్నీ దగ్గరే కదా అనిపిస్తుంది మ్యాపులో. అన్నీ దగ్గరే, కానీ అన్నీ కలిస్తే దూరం. నా లెక్క ఇది: భోజనానికి ముందు లోపలికి వెళ్ళి చూసేవి రెండు, తర్వాత రెండు. మిగతాదంతా దారి.

ఆ నాలుగింటిలో రెండు ఆమె చెప్పాలి, రెండు ఆయన చెప్పాలి. ఎదుటివాళ్ళు ఎంచుకున్న చోట వాచీ చూడకూడదు. మా ఆయనకు లాకులు, తూములు, ఇనప గేట్లు కనబడితే చాలు, అరగంట కదలడు. నాకు మొక్కలు. ఈ ఒప్పందం ఉండబట్టే మా ఇంట్లో ఈ ప్రయాణానికి ఇప్పటికీ ఇద్దరమూ సరేనంటాం.

నడిపేది ఎవరో కూడా ముందే అనుకోండి. ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే, కాలువగట్టు రోడ్లకు చెయ్యి తిరిగినవాళ్ళు, హైవే ముక్కకు, మండపేట రోడ్డుకు ఇంకొకరు. నడపనివాళ్ళ పని దారి చూడ్డం, నీళ్ళ సీసా మూత తీసి ఇవ్వడం. "అయ్యో, లారీ, లారీ" అని అరవడం ఆ పనుల్లో లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. గోదావరి జిల్లాల్లో బంధువు లేని ఊరు ఉండదు. ఆలమూరులో పిన్నిగారు, మండపేటలో పెదనాన్నగారి వియ్యంకులు, ఎవరో ఒకరు తగులుతారు. మీరు ఆ దారిన వెళ్తున్నారని ఒక్కరికి తెలిసినా, "మా గుమ్మం ముందు నుంచి వెళ్ళి లోపలికి రాలేదా?" అన్న మాట ఏడాదిపాటు వినాలి. వెళ్తే భోంచేయకుండా పంపరు, మీ మధ్యాహ్నం అక్కడే సరి. అందుకని వాట్సాప్ స్టేటస్ ఇంటికి వచ్చాకే పెట్టండి.

కారులో ఏం ఉండాలి

టైర్లలో గాలి, స్టెప్నీలో కూడా గాలి, ఆరేడు లీటర్ల పెట్రోలు. తాగే నీళ్ళు, ఒక దుప్పటి, చిన్న చాకు, పాత వార్తాపత్రికలు, గొడుగు, రెండు తువ్వాళ్ళు. గట్టి అట్టపెట్టె ఒకటి డిక్కీలో పడేయండి, పూతరేకులకు పనికొస్తుంది. ఫోన్‌పే ప్రతి బడ్డీకొట్టులోనూ ఉంది కానీ సిగ్నల్ ప్రతిచోటా ఉండదు, అందుకని చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి.

ఆడవాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవలసింది బాత్రూమ్ సంగతి. బొబ్బర్లంక నుంచి రావులపాలెం దాకా కాలువగట్టు మీద దాన్ని నమ్ముకోలేం. రాజమండ్రిలో టిఫిన్ చేసిన చోట, రావులపాలెంలో భోంచేసిన చోట, మండపేట దగ్గర పెట్రోలు బంకులో, ఈ మూడు చోట్లా అవసరం ఉన్నా లేకపోయినా వెళ్ళిరండి. టిఫిను హోటల్ని ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవడం మంచిది. నీళ్ళు తాగడం మానేసి ఎండలో తిరగడం మాత్రం వద్దు.

ఉదయం: బ్యారేజీ

రాజమండ్రిలో పెసరట్టు ఉప్మా తిని ఎనిమిదింటికల్లా ధవళేశ్వరం చేరండి. ఇటు నుంచి మొదలుపెట్టమనడానికి కారణాలున్నాయి. పొద్దున్న ఎండ వీపు వైపు ఉంటుంది, నది మీద వెలుతురు కళ్ళలో పడదు. ర్యాలి గుడి మధ్యాహ్నం మూసే లోపు అందుతుంది. కాలువగట్టు రోడ్లన్నీ పగటి వెలుగులో అయిపోతాయి. కడియంలో కొన్న మొక్కలు రోజంతా కారులో ఉడికిపోకుండా చివర్లో ఎక్కుతాయి. తిరగేసి వెళ్తే ఈ నాలుగూ ఎదురు తిరుగుతాయి.

ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట ఇక్కడిదే. ఇప్పుడు మీరు కారులో దాటేది ఆ తర్వాత, 1970ల్లో పని మొదలుపెట్టి కట్టిన బ్యారేజీ. నదికి అడ్డంగా ఒకే గోడలా ఉండదు. ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, వాటి మధ్య లంకలు, మొత్తం 175 గేట్లు. ఈ ర్యాలీ వేరు, మనం తర్వాత వెళ్ళే ర్యాలి గుడి వేరు. మ్యాపులో గుడి పేరు కొట్టేటప్పుడు చూసి కొట్టండి.

బ్యారేజీ మీద కారు ఆపకండి. వంతెన సన్నం, వెనక బస్సు ఉంటుంది. దాటాక లంక మీద ఖాళీ జాగా చూసి పక్కకు తీసి, నడిచి వెనక్కి రండి. వానలు తగ్గాక కొన్ని గేట్లు మాత్రమే ఎత్తి ఉంటాయి, ఆ నీళ్ళ దగ్గర కొంగలు, చేపలు పట్టేవాళ్ళు ఒకే పని మీద నిలబడి ఉంటారు. ఇసుక తిన్నెల మీదకు దిగాలనిపిస్తుంది. గేట్ల దిగువన మాత్రం దిగకూడదు, నీళ్ళు ఎప్పుడు వదులుతారో మీకు తెలియదు.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, ఆనకట్ట కట్టిన రోజుల నాటి యంత్రాలు ఆవరణలో కనిపిస్తాయి. ఎనిమిదింటికి తెరిచి ఉండదు. ఇంజనీరింగ్ మీద ఇష్టం ఉన్నవాళ్ళు తెరిచే వేళ ముందే కనుక్కుని, ఒక గంట ఆలస్యంగా బయల్దేరి చూడండి. మిగతావాళ్ళు బెంగ పెట్టుకోనక్కర్లేదు, ఆ మనిషి చేసిన పని రోజంతా మీ కారు పక్కనే పారుతూ ఉంటుంది.

బొబ్బర్లంక నుంచి కాలువగట్టు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఈ రెండు పాయల నడుమ ఉన్నదే కోనసీమ. దానికి నీళ్ళిచ్చే మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి మీ దారి, కాలువ దారి ఇంచుమించు ఒకటే.

ఇక్కడ నడపడానికి కొన్ని పద్ధతులున్నాయి. గంటకు ముప్ఫై నలభై దాటనివ్వకండి. రోడ్డు సన్నం, చాలాచోట్ల కాలువ వైపు పిట్టగోడ ఉండదు. ఎదురుగా కొబ్బరికాయల లారీ గానీ గడ్డి ట్రాక్టరు గానీ వస్తే మొండికేసి ముందుకు పోకుండా, వెడల్పు ఉన్న చోట ముందే ఆగి దారివ్వండి. పక్కకు తీసేటప్పుడు ఎప్పుడూ పొలం వైపే, కాలువ వైపు గడ్డి మీదకు చక్రం దించకండి. వాన పడ్డాక ఆ మట్టి బరువు ఆపదు. మోపెడ్ మీద రెండు వైపులా అరటిగెలలు కట్టుకుని వెళ్ళేవాళ్ళు మీరు అనుకున్నదానికన్నా వెడల్పుగా ఉంటారు, హారన్ కొట్టి కాస్త ఆగి దాటండి. కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. దాని మీద నుంచి ఎక్కించడం మర్యాద కాదు, పక్కన పెట్టిన రాళ్ళు టైరుకు మంచివీ కావు. చీకటి పడ్డాక ఈ రోడ్ల మీద కొత్తవాళ్ళు ఉండకూడదు. మిగతా జాగ్రత్తలు మీకు నచ్చితే పాటించండి, ఇది మాత్రం విధిగా పాటించండి.

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. అద్దాలు దించి, ఏసీ ఆపి, పాటలు కూడా ఆపి, కాసేపు వెళ్ళండి. బట్టలు ఉతికే చప్పుడు, రేవులో గేదెలు, కొబ్బరిచెట్ల నీడ రోడ్డు మీద. ఇంట్లో మొదలుపెట్టి సగంలో ఆపేసిన కబుర్లు ఇక్కడ వాటంతట అవే వస్తాయి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడం

రోడ్డు పక్కన మొదటి కొట్టు కనబడగానే ఆగిపోకండి. ఊరంతా కొట్లే. కొనేముందు రేకు తీయడం చూడండి, ఎందుకంటే చూశాక కొనే పద్ధతి మారుతుంది.

బియ్యం నానబెట్టి పాలలా పలచగా రుబ్బుతారు. ఈ పనికోసమే చేసిన కుండను పొయ్యి మీద బోర్లిస్తారు. కింద ఎండు కొబ్బరాకు మంట. పలచని గుడ్డను పిండిలో ముంచి, కుండ మీద ఒక్కసారి లాగుతారు. గుడ్డ అటు వెళ్ళేసరికి ఇటు రేకు అయిపోతుంది. చేత్తో ఊడదీసి పక్కన పెడతారు. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే ఊడి రాదు. ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే, పొద్దున్నుంచీ ఆ సెగ దగ్గరే కూర్చుని. కాబట్టి ఫోన్ తీసేముందు "అమ్మా, చూడొచ్చా? వీడియో తీసుకోవచ్చా?" అని అడగండి. సాధారణంగా కాదనరు. చూసినచోటే కొన్ని కొనడం న్యాయం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు నిలబెట్టింది ఈ పొయ్యిల దగ్గర కూర్చున్నవాళ్ళే.

కొనేటప్పుడు ఇలా చేయండి. ముందు ఒకటి రుచి చూడండి. నెయ్యి వాసన ముక్కుకు తెలియాలి. నోట్లో పెట్టుకోగానే అంగిలికి అంటుకుని జిడ్డుగా ఉంటే అది నెయ్యి పని కాదు. తర్వాత, కట్టి ఉన్న పెట్టెల బదులు అప్పటికప్పుడు చుట్టి ఇమ్మని అడగండి. రేకు మీద తడి గుడ్డతో కాస్త చెమ్మ తగిలించి మెత్తబరిచి, నెయ్యి, పంచదార పొడి గానీ బెల్లం గానీ వేసి మడుస్తారు. చాక్లెట్‌వి, ఇంకా ఏవేవో రకాలూ వచ్చాయి. నా మట్టుకు నాకు బెల్లంవి, జీడిపప్పు కూడా లేనివి. ఎవరింటికైనా ఇవ్వడానికి, నాలుగు రోజులు ఉంచడానికి అయితే పంచదారవి తీసుకోండి. ఉత్తి రేకులు కూడా అమ్ముతారు. ఒక కట్ట కొనుక్కుంటే ఇంట్లో మీకు నచ్చినట్టు చుట్టుకోవచ్చు.

పెట్టెలు తెచ్చిన అట్టపెట్టెలో నిలకడగా సర్ది, పైన ఏమీ పెట్టకండి. వెనక సీటు కింద నీడలో ఉంచండి. గాలి తగిలేలా తెరిచి పెడితే సాయంత్రానికి మెత్తబడి సాగుతాయి.

లొల్ల లాకులు

ఆత్రేయపురం నుంచి రావులపాలెం వైపు వెళ్తుంటే లొల్ల లాకులు వస్తాయి. బొబ్బర్లంకలో బయల్దేరిన కాలువ ఇక్కడ పాయలుగా విడిపోతుంది. పెద్ద చెట్లు, పాత తలుపులు, వాటి కింద నుంచి నురగతో దూకే నీళ్ళు. సినిమా షూటింగులు జరిగే చోటు కాబట్టి ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది. దుప్పటి పరిచేది ఇక్కడే. ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ, రెండు పూతరేకులు, అరగంట. స్నానానికి దిగాలన్న ఆలోచన వద్దు, లాకుల దగ్గర నీటి ఉరవడి పైకి కనబడేదానికన్నా ఎక్కువ. సెల్ఫీ కోసం లాకుల అంచున వెనక్కి వెనక్కి నడవడం అసలే వద్దు.

ర్యాలి

పదకొండున్నర లోపు ర్యాలి చేరేలా చూసుకోండి. చాలా గుళ్ళలాగే మధ్యాహ్నం తలుపులు వేస్తారు, మళ్ళీ తీసేది సాయంత్రమే.

జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం సుమారు ఐదడుగుల ఎత్తు, ఒకే రాయి. ముందు వైపు విష్ణువు, వెనక వైపు మోహిని. ముందు చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు. అర్చకులు దీపం పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి, కొప్పు ముడి, నగలు, కాలి వెనక పుట్టుమచ్చతో సహా ఒక్కొక్కటీ చూపిస్తారు. జనం తక్కువ ఉన్న రోజున తీరిగ్గా చెబుతారు, వారం మధ్యలో వెళ్ళమన్నది ఇందుకు కూడా. స్వామి పాదాల దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుందని చూపిస్తారు. ఎదురుగా ఉమా కమండలేశ్వరస్వామి గుడి. మోహిని వెంట వచ్చిన శివుడు ఇక్కడ ఆగిపోయాడని కథ.

భార్యాభర్తలు కలిసి వినవలసిన కథే. ఎవరి వెంట ఎవరు పడ్డారన్న చర్చ కారులోకి వచ్చాక పెట్టుకోండి.

రావులపాలెంలో భోజనం

రావులపాలెం అరటి మార్కెట్టు పేరున్నది. కానీ గెలల హడావిడి పొద్దున్నే, మీరు వెళ్ళేసరికి లారీలకు ఎత్తడం కనబడుతుంది. చక్కెరకేళి, కర్పూర, అమృతపాణి ఏది దొరికితే అది ఒక అత్తం కొని వెనక సీట్లో పెట్టుకోండి. సాయంత్రం దాకా ఆకలి గోల ఉండదు.

భోజనం హైవే మీద కన్నా ఊళ్ళో మెస్‌లో బాగుంటుంది. ఎక్కడ బాగుంటుందని పెట్రోలు బంకులో అడిగితే ఒక మాట చెబుతారు, అరటి మార్కెట్టు కూలీలను అడిగితే ఇంకో మాట చెబుతారు. రెండోదాన్ని నమ్మండి. చలికాలంలో పనసపొట్టు కూర ఉందేమో కనుక్కోండి. వరద రోజుల్లో వెళ్ళినవాళ్ళు పులస గురించి ఆశపడతారు. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది, జూలై నుంచి కొద్ది వారాలే దొరుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ధర గురించి ఉన్న మాటే చెబుతుంది. పైగా ఈ కూర వండిన మర్నాడే రుచి. దారిన పోతూ హోటల్లో పులస అని చెప్పి పెట్టింది పులసో కాదో తేల్చుకోవడం మనబోటి వాళ్ళ వల్ల కాదు, అందుకే కారు ప్రయాణంలో దాన్ని పెట్టుకోకండి.

తిన్నాక వెంటనే స్టీరింగ్ ముందు కూర్చోవద్దు. గోదావరి భోజనం తర్వాత వచ్చే నిద్ర మామూలు నిద్ర కాదు. చెట్టు నీడన కారు పెట్టి, సీటు వెనక్కి వాల్చి, అద్దాలు కాస్త దించుకుని అరగంట పడుకోండి. ప్రయాణంలో ఈ అరగంటను మిగుల్చుకుందాం అనుకునేవాళ్ళు చాలామంది, నేనైతే ర్యాలి వదిలేస్తాను గానీ దీన్ని వదలను.

మధ్యాహ్నం: తాపేశ్వరం, ద్వారపూడి

రావులపాలెం నుంచి హైవే మీద గౌతమి వంతెన దాటితే జొన్నాడ. అక్కడ హైవే దిగి ఆలమూరు మీదుగా మండపేట. ఈ ముక్కలో ఆగి చూడవలసిందేమీ లేదు, పచ్చని పొలాలు, రైసు మిల్లులు, ఊరికొక పెద్ద ఇనప గేటు ఉన్న డాబా. డ్రైవరు మారేది ఇక్కడే.

మండపేట దాటితే తాపేశ్వరం. ఇక్కడిది మడత కాజా. కాకినాడ గొట్టం కాజాకూ దీనికీ పోటీ పెట్టి ఇంట్లో గొడవపడే దంపతులు నాకు తెలుసు. మడత కాజా అంటే పల్చగా ఒత్తిన పిండిని పొరలు పొరలుగా చుట్టి, కోసి, నెమ్మదిగా వేయించి పాకంలో వేసేది. పొరల మధ్య పాకం నిలవాలి, పైన కరకరలాడాలి. చిన్నవీ, అరచేతి నిండేవీ ఉంటాయి. వేడివేడిగా ఒకటి అక్కడే తినండి, పాకం బొట్లు కారు సీటు మీద కాకుండా కొట్టు బయటే పడనివ్వండి. పూతరేకులున్న పెట్టెలో కాజాలు పెట్టకండి, పాకం తడికి రేకులు పోతాయి.

తర్వాత ద్వారపూడి. అయ్యప్ప గుడి ఉంది, దీక్షల రోజుల్లో జనం ఎక్కువ. బట్టల హోల్‌సేల్ మార్కెట్టు కూడా ఉంది. ఇక్కడ ముందే ఒక గంట అని గట్టిగా అనుకుని దిగండి. చీరలు చూడ్డం మొదలయ్యాక కడియం మర్చిపోవడం చాలా తేలిక. ఆయన బయట టీ కొట్టు దగ్గర నిలబడతానంటే నిలబడనివ్వండి, పక్కన కూర్చుని "ఇది బాగుంది, తీసేసుకో" అని మొదటి చీరకే అనడంకన్నా అదే నయం.

కొనడం మీద ఇష్టం లేనివాళ్ళు ద్వారపూడి నుంచి అనపర్తి మీదుగా బిక్కవోలు వెళ్ళవచ్చు. తూర్పు చాళుక్యుల కాలం నాటి గుళ్ళు ఊళ్ళోనూ పొలాల్లోనూ ఉన్నాయి. అక్కడి గణపతి చెవిలో కోరిక చెప్పుకుంటారు. కానీ అటు వెళ్తే కడియం వదులుకోవాలి, రెండూ ఒకే సాయంత్రంలో ఇమడవు. ద్రాక్షారామం ఇంకా దూరం, దానికి వేరే రోజు పెట్టుకోండి.

కడియంలో చివరి గంట

ద్వారపూడి నుంచి కడియం వైపు వచ్చేదీ కాలువ రోడ్డే, పైగా ఇక్కడ బస్సులు, లారీలు ఎక్కువ. చలికాలంలో ఐదున్నర దాటితే పొద్దు గుంకుతుంది. నాలుగున్నరకల్లా నర్సరీలో ఉండేలా లెక్క చూసుకోండి.

కడియం, కడియపులంక, బుర్రిలంక, వీరవరం, ఈ ఊళ్ళన్నీ నర్సరీలే. హైవే మీద బోర్డులు పెద్దవి ఉన్నచోట ధర కూడా పెద్దదే. లోపలి రోడ్లలో చిన్న నర్సరీలకు వెళ్ళి, మొక్క మీద చెయ్యి వేసేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఇది ఎండ మొక్కా, నీడ మొక్కా? అంటు కట్టిందా, గింజ మొక్కా? కుండీలో బతుకుతుందా? మా ఊళ్ళో బతుకుతుందా? మీది హైదరాబాద్ అయితే ఆ మాట చెప్పండి. ఇక్కడి గాలిలో చెమ్మ అక్కడ ఉండదు, ఇక్కడ నవనవలాడే మొక్క అక్కడ వారానికే వాడిపోవచ్చు. నిండా పూసిన మొక్క కన్నా మొగ్గలున్నది, కొత్త చిగురున్నది తీసుకోండి. ఆకు వెనక్కి తిప్పి తెల్లపురుగు ఉందేమో చూడండి. మొదలు పట్టుకుని మెల్లిగా కదిపితే సంచిలో గట్టిగా నిలబడాలి, ఊగితే నిన్నో మొన్నో మార్చినదన్నమాట.

ఎన్ని కొనాలో లోపలికి వెళ్ళకముందే అనుకోండి, కారు డిక్కీయే మీ కొలత. డిక్కీలో పాత పేపర్లు పరిచి, సంచులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, పొడుగు మొక్కలను వెనక సీటు ముందు కాళ్ళ జాగాలో పెట్టండి. ఆ పూట నీళ్ళు పోయించకండి, పోస్తే బురదంతా కారులోనే. ఏసీ గాలి నేరుగా ఆకుల మీద కొట్టకుండా చూడండి. ఇంటికి చేరగానే దించి, నాలుగైదు రోజులు నీడలోనే ఉంచి, ఆ తర్వాత కుండీలోకి మార్చండి. మొక్కలు దించాక అట్టపెట్టె బయటికి తీయడం మర్చిపోకండి, పూతరేకులు రాత్రంతా కారులో ఉంటే చీమలు పడతాయి.